ఐదు వాట్ల పాత ఆంప్లిఫయర్ గొడవ: నా మాట ఇదీ

పోస్టు పొడుగ్గా ఉంటుంది, ముందే చెప్తున్నాను. మొన్న ఆదివారం కార్యవర్గ సమావేశానికి రాని వాళ్ళు కూడా అప్పుడే రెండు పక్షాలుగా చీలిపోయారు. ఫోన్లో ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక నాకు లేదు. అందుకే అంతా ఒక్కచోట రాస్తున్నాను.

సంగతి తెలియని వాళ్ళకు క్లుప్తంగా. మన యువజన విభాగంలో గిటారు వాయించే పిల్లోడు తెలుసు కదా. ఉగాదికి, నవంబరు 1కి వాడు లేకుండా మన స్టేజీ లేదు. (నవంబరు 1 మన బెంగళూరు తెలుగువాళ్ళకు రెండు పండగలు ఒకేరోజు. అటు కన్నడ రాజ్యోత్సవం, ఇటు ఆంధ్ర రాష్ట్ర అవతరణ.) కాక్స్ టౌన్‌లో కాలం చేసిన ఒక సంగీతకారుడి ఇంట్లో 1970ల నాటి ఫెండర్ ఛాంప్ అనే వాల్వు ఆంప్లిఫయర్ అమ్మకానికి ఉందని వాడికి తెలిసింది. ఆయన కూతురు 68,000 అడుగుతోంది. వీడు రెండేళ్ళు ట్యూషన్లు చెప్పి 40,000 కూడబెట్టుకున్నాడు. మిగతా 28,000 యువజన నిధి నుంచి అప్పుగా ఇప్పించండి, పది నెలల్లో తీరుస్తాను అని కాగితం రాసి ఇచ్చాడు.

కాగితంలో ‘ఐదారు వాట్లు’ అని నిజాయితీగా రాయడమే వాడు చేసిన తప్పు. మన కోశాధికారి అన్న అది చదివి, "ఐదు వాట్లకు అరవై ఎనిమిది వేలా సామీ! మా ఇంట్లో బాత్రూము బల్బే తొమ్మిది వాట్లు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. పిల్లోడు మాత్రం నవ్వలేదు. ఆ డబ్బులో సగం పెడితే కొత్తది 100 వాట్లది వస్తుందని ఒకరన్నారు. దానికి విరుగుడుగా ఇంకొకాయన లేచి, ఇది పాతబడేకొద్దీ రేటు పెరిగే సరుకు, బంగారంతో సమానం, ఇవాళే అడ్వాన్సు పంపించేద్దాం అన్నాడు.

నా ఉద్దేశంలో ఇద్దరిదీ తప్పే. అప్పు ఇవ్వాల్సిందే అంటాను. కానీ ఆ పెట్టె వెనక పలక విప్పి లోపల ఏముందో చూసేదాకా ఒక్క రూపాయి కూడా చేతులు మారకూడదు. ఎందుకో వివరంగా రాస్తాను. ముప్పై ఏళ్ళుగా మన సంఘం మైకు సెట్టు చూసుకుంటున్న వాడిని. పైగా ఇలాంటి పెట్టె ఒకటి కొని చెయ్యి కాల్చుకున్న వాడిని కూడా.

ముందు బల్బు సంగతి. బల్బు మీద రాసేది అది గోడలోంచి లాక్కునే కరెంటు. ఆంప్లిఫయర్‌కు చెప్పే వాట్లు అది స్పీకరుకు పంపే శక్తి. ఈ ఛాంప్ గోడలోంచి నలభై యాభై వాట్లు తిని, స్పీకరుకు ఐదో ఆరో ఇస్తుంది. మిగతాదంతా వాల్వుల వేడిగా పోతుంది. ఆ ఐదు కూడా తక్కువేం కాదు. మన చిన్నప్పటి వాల్వు రేడియోలను గుర్తు తెచ్చుకోండి. వాటి నుంచి వచ్చింది మూడు నాలుగు వాట్లకు మించదు. రేడియో సిలోన్‌లో తెలుగు పాటలు వస్తుంటే ఒక ఇంట్లో పెడితే వీధంతా వినేది కదా!

చెవికి వాట్ల లెక్క సూటిగా ఎక్కదు. శబ్దం రెండింతలుగా అనిపించాలంటే శక్తి పదింతలు కావాలి. అంటే 5 వాట్లకు 50 వాట్లు పెడితే మన చెవికి సుమారు రెండింతలు అనిపిస్తుంది, అంతే. 5 నుంచి 10కి వెళ్తే పెరిగేది 3 డెసిబెల్స్. గిటారుకు వాడే స్పీకరు ఒక వాటుకే, ఒక మీటరు దూరంలో, 90 నుంచి 100 డెసిబెల్స్ దాకా ఇస్తుంది. దానికి ఐదు వాట్లు ఇస్తే ఇంకో ఏడు కలుస్తుంది. ఇళ్ళుండే ప్రాంతాల్లో చట్టం ఒప్పుకునేది పగలు 55, రాత్రి 45. కాబట్టి ‘ఐదు వాట్లే కదా, పక్కింటికి వినపడదు’ అని పిల్లోడు చెప్పినా నమ్మకండి. పూర్తిగా తిప్పితే ఇది కూడా అపార్టుమెంటు మొత్తాన్ని లేపుతుంది. కాకపోతే 100 వాట్లది ఇంట్లో పెట్టుకుంటే మీట ఒకటి దాటి తిప్పే యోగమే ఉండదు.

ఈ కథలో అసలు కీలకం అక్కడే ఉంది. వాల్వు ఆంప్లిఫయర్ మీట సగం దాటాకే పాట అందుకుంటుంది. దాకా శుభ్రంగా ఉన్న గొంతు, ఆ తర్వాత వాల్వు మొయ్యలేని స్థితికి వచ్చి కొంచెం కొంచెంగా చిట్లుతుంది. బుర్రకథ చెప్పేవాడు పై స్థాయికి పోయినప్పుడు గొంతులో ఒక జీర వస్తుంది చూడండి, అలాంటిది. మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే జీరతో. వేలి బరువును బట్టి మారుతుంది. కుర్రాళ్ళు చచ్చేది దీని కోసమే. 100 వాట్ల వాల్వు పెట్టెలో ఆ స్థితికి రావాలంటే మైదానం కావాలి. ఐదు వాట్ల దానిలో అయితే ఒక గదిలోనే వస్తుంది. అందుకే అమెరికాలో, ఇంగ్లండులో ఒకప్పుడు నేర్చుకునే పిల్లల కోసం చవగ్గా చేసిన ఈ చిన్న పెట్టెలను తర్వాత రికార్డింగు స్టూడియోల వాళ్ళు వెతికి పట్టుకున్నారు. 1970లో వచ్చిన ‘లైలా’ ఆల్బంలో ఎరిక్ క్లాప్టన్ గిటారు ఇలాంటి చిన్న ఛాంప్‌లోంచే వచ్చిందని ఆ లోకంలో చెప్పుకుంటారు. ఇంగ్లండు వాళ్ళ వాక్స్ ఏసీ4 కూడా ఇదే కులం. ఒక్క ఈఎల్84 వాల్వు, నాలుగు వాట్లు.

మరి మన హాలుకు సరిపోతుందా? సరిపోదు, సరిపోవాల్సిన పనీ లేదు. ఆ పెట్టె ముందు ఒక మైకు పెట్టి మన సౌండు సిస్టంలో కలపడమే. పెద్ద పెద్ద కచేరీల్లో కూడా చేసేది అదే. కాబట్టి ‘100 వాట్లది కొంటే సంఘానికీ పనికొస్తుంది’ అన్న వాదన నిలబడదు. ఇంకా చెప్పాలంటే, స్టేజీ మీద గిటారు మోత తగ్గితే ముందు వరసలో కూర్చునే మన పెద్దవాళ్ళే ఎక్కువ సంతోషిస్తారు.

ఇంతవరకు పిల్లోడి పక్షం. ఇక బంగారం అన్నాయన వైపు తిరుగుతాను.

మూడేళ్ళ కింద నేనొక పాత చిన్న ఆంప్లిఫయర్ కొన్నాను. అమెరికాది, రెండే రెండు మీటలు, తోలు చేతిపిడి, చూడ్డానికి పాతకాలం టిఫిను పెట్టెలా ముద్దుగా ఉండేది. అమ్మినవాడి పేరు ఇక్కడ అనవసరం. ఫోటోలు చూసి, ఒక చిన్న వీడియోలో మోగించి చూపిస్తే విని, 21,000 పంపించాను. ఇంటికొచ్చాక చూస్తే రెండు పిన్నుల వైరు. ‘ఎంత తేలిగ్గా ఉందో’ అని మెచ్చుకున్నాను కూడా! ఎందుకు తేలిగ్గా ఉందో ఆలోచించలేదు. ట్రాన్స్‌ఫార్మర్ లేదు కాబట్టి తేలిక.

మన వయసు వాళ్ళకు ఇది అర్థమవుతుంది. మన ఇళ్ళలో ఏసీ-డీసీ రేడియోలని ఉండేవి. ‘రేడియో వెనక చెయ్యి పెట్టకురా’ అని అమ్మ కసిరేది. వాటిలో కరెంటును విడదీసే ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. గోడలోని కరెంటు వైరు ఒకటి నేరుగా లోపలి ఇనప చట్రానికి కలిసే ఉంటుంది. రేడియోకు కట్టె పెట్టె, ప్లాస్టిక్ మీటలు అడ్డం కాబట్టి బతికిపోయాం. అదే పద్ధతిలో అమెరికాలో చౌకరకం గిటారు ఆంప్లిఫయర్లు కూడా చేశారు. కానీ గిటారు తీగలు ఇనపవి. అవి వైరు ద్వారా ఆ చట్రానికి కలిసి ఉంటాయి. వాయించేవాడి చేతులు ఆ తీగల మీదే ఉంటాయి. అక్కడి మెకానిక్కులు వాటికి పెట్టిన పేరుకు మన భాషలో అర్థం ‘పెళ్ళాన్ని విధవ చేసేది’ అని. నేను కొన్నది అదే.

దానికి మన 230 వోల్టులు తగ్గించడానికి ఒక చవక స్టెప్‌డౌన్ పెట్టె తగిలించాను. అదీ ఒకే చుట్టతో చేసిన రకం, ఎర్తు లేదు. మా అక్క కొడుకు వచ్చి, తడిగుడ్డ పెట్టిన ఎర్ర గచ్చు నేల మీద ఉత్తకాళ్ళతో నిలబడి గిటారు పట్టుకున్నాడు. ఎడమ చెయ్యి తీగల మీద ఉంది. కుడి చేత్తో మైకు స్టాండు జరపబోయాడు. అరుపు కూడా పూర్తిగా రాలేదు. వెనక్కి పడ్డాడు కాబట్టి చెయ్యి విడిపోయింది. ముందుకు పడి ఉంటే ఏమయ్యేదో నేను రాయను. వేళ్ళ మీద తీగల గీతలు నల్లగా కాలి రెండు వారాలు ఉన్నాయి. మా అక్క ఇప్పటికీ ఆ మాట ఎత్తదు. ఎత్తకపోవడమే నాకు కష్టంగా ఉంటుంది.

కాబట్టి పాత వాల్వు పెట్టె కొనేవాడు మొదట అడగాల్సింది పాట బాగుందా అని కాదు. లోపల పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఉందా, అది ఎన్ని వోల్టులది, ఎర్తు ఎక్కడుంది అని. ఛాంప్‌లో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, ఆ విషయంలో ఇది మంచి జాతి. 5వై3 అనే వాల్వు కరెంటును సరిచేస్తుంది, 12ఏఎక్స్7 సన్నటి శబ్దాన్ని పెంచుతుంది, 6వి6 స్పీకరును తోస్తుంది. మూడే వాల్వులు, ఎనిమిది అంగుళాల స్పీకరు ఒకటి. 1948లో మొదలైన ఈ వరస కాలిఫోర్నియాలో 1982 దాకా నడిచింది. లోపల ఒక ఫైబరు పలక మీద పదీ పదిహేను భాగాలు చేత్తో సాల్డరింగు చేసి ఉంటాయి. ఎస్.పి. రోడ్డులో కాయిలు పట్టుకున్న ఏ మెకానిక్కుకైనా అర్ధగంటలో అర్థమయ్యే సర్క్యూటు. ఏ భాగం పోయినా ఆ ఒక్కటే మార్చొచ్చు. కొత్త పెట్టెల్లో బోర్డు పోతే బోర్డు మొత్తం మార్చాలి, ఆ బోర్డు ఐదేళ్ళ తర్వాత దొరకదు. మన సంఘం స్టోరు గదిలో అలా మూలన పడ్డవి ఎన్ని ఉన్నాయో తాళం నా దగ్గరే ఉంది కాబట్టి నాకు తెలుసు.

పోయిన గురువారం పిల్లోడు, నేను, ఇంకొకరు కలిసి ఆ ఇంటికి వెళ్ళాం. ఆ ఇంకొకరి గురించి చెప్పాలి. మన సంఘంలోనే ఉన్న ఒక అక్కయ్య. పేరు రాయొద్దంది కాబట్టి రాయను, చాలామందికి తెలిసే ఉంటుంది. 78 ఏళ్ళు. హిందూపురం నుంచి వచ్చి జాలహళ్ళిలో భారత్ ఎలక్ట్రానిక్స్ వాల్వుల విభాగంలో చేరింది. ఆ కంపెనీ 1954లో పెట్టారు, వాల్వుల తయారీ 1961లో మొదలైంది. భూతద్దం కింద వెంట్రుకంత తీగతో చుట్టిన గ్రిడ్లను అమర్చడం ఆవిడ పని. ట్రాన్సిస్టర్లు వచ్చాక వేరే విభాగానికి మార్చారు. ఇన్నేళ్ళుగా మన భోజనాల కమిటీలో ఆవిడతో కలిసి పనిచేశాను గానీ, వాల్వుల గురించి ఒక్కసారి అడిగింది లేదు. అది మన తెలివి.

ఇంటావిడ మర్యాదస్తురాలు. మోసం చేసే రకం కాదు. తండ్రి సామాన్లు ఒక్కొక్కటీ అమ్ముకుని కొడుకు దగ్గరికి వెళ్ళిపోతోంది. ‘అంతా ఒరిజినల్, నాన్నగారు ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు’ అని చెప్పింది. అక్కయ్య ఫోను టార్చి వేసి వెనక సందులోంచి చూసి, చిన్న వాల్వు మీది రేకు తొడుగు తీయమంది. స్విచ్చి వేయకుండా, వైరు పీకే ఉంచి, తీశాను. గాజు మీద అక్షరాలు సగం చెరిగిపోయాయి. ఆవిడ కళ్ళజోడు పైకెత్తి రెండు నిమిషాలు తిప్పి తిప్పి చూసి, "ఇది మాదే" అంది. అమెరికా పెట్టెలో మన జాలహళ్ళి వాల్వు! ఇక్కడ ఈసీసీ83 అని చేసింది, అక్కడి 12ఏఎక్స్7, రెండూ ఒకటే, కాళ్ళు కూడా ఒకేలా ఉంటాయి. అప్పట్లో అసలుది పోయి ఉంటుంది, ఆ పెద్దాయన ఇక్కడ దొరికింది తెచ్చి పెట్టుకున్నాడు.

పిల్లోడి మొహం వాడిపోయింది. ఒరిజినల్ కాదని. వాడికి ఇంటర్నెట్‌లో చదివిన చదువు అది. ఏ భాగమూ మారని పెట్టెకే విలువ అని.

నేను సరిగ్గా దీనికి ఎదురు చెప్తాను. గాజు బీరువాలో పెట్టుకునేవాడికి మారని భాగాలు కావాలి. వాయించేవాడికి మారాల్సినవి మారి ఉండాలి. లోపల కరెంటును నిలవ చేసే పెద్ద కండెన్సర్ల ఆయుష్షు పదిహేను, ఇరవై ఏళ్ళు. యాభై ఏళ్ళ నాటివి ఇంకా అలాగే ఉన్నాయంటే అది సుగుణం కాదు, ఇంకా కట్టని బిల్లు. అవి ఎండిపోతే పెట్టె గుయ్‌మంటూ ఉంటుంది, షార్టు అయితే ట్రాన్స్‌ఫార్మర్‌నే కాల్చేస్తుంది. వాల్వుల మధ్య ఉండే చిన్న కండెన్సరు లీకైతే 6వి6 లోపలి రేకు ఎర్రగా కాలుతుంది. అలా ఎర్రబడితే ఆ క్షణమే ఆపెయ్యాలి. ఈ పెట్టెలో వాటిని మార్చారా, మారిస్తే ఎప్పుడు అన్నది పలక విప్పితే తప్ప తెలియదు. మొన్న విప్పలేదు, మెకానిక్కు లేకుండా విప్పడం నాకు ఇష్టం లేక. లోపల మూడు వందల పైచిలుకు వోల్టులు ఉంటాయి. వైరు పీకేశాక కూడా కండెన్సర్లలో కొంతసేపు నిలిచే ఉంటాయి. ఈ పోస్టు చదివి ఎవరూ ఇంట్లో పాత పెట్టెలు విప్పొద్దు.

మారినవి, మారనివి ఎలా కనిపెట్టాలో మాత్రం పిల్లోడికి నేర్పాను, మీలో ఆసక్తి ఉన్నవాళ్ళకూ చెప్తాను. ట్రాన్స్‌ఫార్మర్ల మీద, స్పీకరు చట్రం మీద అంకెలు కొట్టి ఉంటాయి. మొదటి మూడు అంకెలు తయారీదారువి. ట్రాన్స్‌ఫార్మర్‌కు 606 ఉంటే షుమాకర్ కంపెనీ, స్పీకరుకు 220 ఉంటే జెన్సెన్. తర్వాతి అంకె సంవత్సరం చివరిది, ఆఖరి రెండు ఆ ఏడాదిలో ఎన్నో వారమో చెప్తాయి. 606-234 అంటే 62లోనో 72లోనో 34వ వారం. ఏ దశాబ్దమో పెట్టె ముందు పలక చూసి తేల్చుకోవాలి. వెండిరంగు పలక అయితే 1968 తర్వాతది. ట్రాన్స్‌ఫార్మర్లు, స్పీకరు ఒకే ఏడాది చూపిస్తే అవి పుట్టినప్పటివే. ఈ మూడు ఇనప వస్తువులే పెట్టెకు ప్రాణం, ఖరీదు కూడా. వాల్వు, కండెన్సరు, వైరు మారితే విలువ పోదు. ట్రాన్స్‌ఫార్మర్ మారితే ధర దిగాలి.

ఇంకో ముఖ్యమైన విషయం కరెంటు. ఈ పెట్టె వెనక 117 వోల్టులు, 60 సైకిళ్ళు అని ఉంది. ఎగుమతి కోసం 230కి మార్చుకునే మీట ఉన్నవి కూడా చేశారు, ఇది ఆ రకం కాదు. మన దగ్గర 50 సైకిళ్ళు. 60కి చేసిన ట్రాన్స్‌ఫార్మర్‌ను 50 మీద నడిపితే మామూలు కంటే ఎక్కువ వేడెక్కుతుంది. కాబట్టి 120 ఇచ్చే స్టెప్‌డౌన్ కాకుండా 110 ఇచ్చేది పెట్టుకోవాలి. కొంచెం తక్కువిస్తే వేడి తగ్గుతుంది, పాట చెడదు. అది కూడా రెండు వేరువేరు చుట్టలు ఉన్న ఐసొలేషన్ రకం, మూడో పిన్ను ఎర్తు ఆంప్లిఫయర్ చట్రం దాకా వెళ్ళేది అయి ఉండాలి. పెట్టె తినేది యాభై వాట్లే కాబట్టి 150 వీఏది చాలు. చుట్టించడానికి నేను ఎస్.పి. రోడ్డులో అడిగితే మూడు వేలు చెప్పారు. నాకు ఆ రోజు తెలిసి ఉంటే మా మేనల్లుడికి ఆ గీతలు పడేవి కావు.

ధర గురించి నా లెక్క ఇది. కండెన్సర్లు, మూడు కోర్ల వైరు, ఫ్యూజు, మజూరీ కలిపి ఆరు వేలు. స్టెప్‌డౌన్ మూడు వేలు. ఒక జత వాల్వులు నిలవకు. 6వి6, 12ఏఎక్స్7 రష్యాలో, స్లొవేకియాలో, చైనాలో ఇప్పటికీ చేస్తున్నారు కాబట్టి దొరకవన్న భయం లేదు. స్పీకరు కోను చిరిగి ఉంటే అది వేరే ఖర్చు. మొత్తం పన్నెండు వేల దాకా. పని ఏదీ జరిగి ఉండకపోతే ఆ పన్నెండూ 68లోంచి తగ్గాలి. ఆమె నష్టపోవాలని నేను కోరుకోవడం లేదు. పని అయిపోయి ఉంటే అడిగినంతా ఇద్దాం, ఒక్క రూపాయి బేరం ఆడను. అమెరికా నుంచి తెప్పించుకుంటే సుంకం, ఓడ ఖర్చు, దారిలో గాజు పగిలే భయం. ఇక్కడ ముట్టుకుని, విని, విప్పి కొనే అవకాశం ఉన్నప్పుడు ఆ మాత్రం ఎక్కువైనా నష్టం లేదు.

రేటు పెరుగుతుందన్న ఆశతో మాత్రం ఒప్పుకోకండి. పెరగొచ్చు, పెరగకపోవచ్చు. మన నిధి షేర్ల వ్యాపారానికి పెట్టింది కాదు. ఇది ఒక పిల్లోడు రోజూ నాలుగు గంటలు కూర్చునే వస్తువు. అలా చూస్తేనే 28,000 అప్పుకు అర్థముంది. ఉత్త శబ్దమే కావాలంటే కొత్తగా చేసిన చిన్న వాల్వు పెట్టెలు కూడా ఉన్నాయి. అదీ కాదంటే ఈ సర్క్యూటునే, 230కి చుట్టించిన ట్రాన్స్‌ఫార్మర్‌తో, ఇక్కడే కట్టించుకోవచ్చు. ఆ సంగతి వాడితో చెప్పాను. "మామా, ముందు పాతది ఎలా ఉందో లోపల చూద్దాం, తర్వాత కట్టుకుందాం" అన్నాడు. ఆ జవాబు నాకు నచ్చింది.

సమావేశంలో ఒక పెద్దాయన ‘కరెంటు గిటారుకు తెలుగు సంఘం డబ్బెందుకు’ అన్నారు. ఆయన మీద గౌరవంతోనే చెప్తున్నాను. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ కరెంటు మాండొలిన్ పట్టుకుని చిన్న వయసులోనే కర్ణాటక సంగీత సభల్లో కూర్చున్నాడు. ఆ మాండొలిన్ కూడా ఆంప్లిఫయర్ లేకుండా నాలుగో వరస దాటదు. 2014లో ఆయన పోయినప్పుడు మన హాల్లోనే రెండు నిమిషాలు నిలబడ్డాం కదా. వాద్యం ఎక్కడ పుట్టిందని ఆ రోజు ఎవరూ అడగలేదు.

ఇంకో సంగతి, ఇది తీర్మానంలో రాయాలని నా కోరిక. ఆంప్లిఫయర్ సంఘం పేరు మీద కొనొద్దు, పిల్లోడి పేరు మీదే ఉండాలి. సంఘం వస్తువైతే అందరూ వాడతారు, ఎవరూ చూసుకోరు. స్పీకరు వైరు పీకేసి ఆన్ చేస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుందని ఎంతమందికి చెప్పగలం? అప్పుకు వడ్డీ వద్దు. బదులుగా నవంబరు దాకా మన చిన్నపిల్లలకు నెలకు రెండు ఆదివారాలు గిటారు నేర్పుతానని వాడే అన్నాడు.

కోశాధికారి అన్నకు ఒక మాట. అన్నా, బల్బు జోకు బాగుంది, మళ్ళీ మళ్ళీ చెప్పుకుంటాం. కానీ పిల్లోడు ఆ రాత్రి కాగితం వెనక్కి తీసుకుంటానని నాకు ఫోను చేశాడు. నేను ఒప్పుకోలేదు. మీరు ఒకసారి వాడితో మాట్లాడండి.

వచ్చే ఆదివారం పొద్దున 11 గంటలకు కాక్స్ టౌన్ ఇంట్లో పలక విప్పుతున్నాం. ఇంటావిడ ఒప్పుకుంది. నలుగురికి మించి రావద్దని మాత్రం అడిగింది, కాబట్టి మెకానిక్కు, అక్కయ్య, పిల్లోడు, నేను. కార్యవర్గం నుంచి ఒకరు రావాలంటే నేను బయట నిలబడతాను. మొదట కండెన్సర్లలో కరెంటు ఖాళీ చేసి, అంకెలు రాసుకుని, ఫోటోలు తీసి, తర్వాత ఒక గంట మోగించి ట్రాన్స్‌ఫార్మర్ ఎంత వేడెక్కిందో చూస్తాం. ఫోటోలు, ఖర్చు లెక్క అదే రోజు సాయంత్రం ఇక్కడ పెడతాను. ఓటింగు ఆ తర్వాతే పెట్టమని అధ్యక్షుల వారిని కోరుతున్నాను. అక్కయ్యకు మోకాళ్ళ నొప్పి, ఆ ఇల్లు రెండో అంతస్తు, లిఫ్టు లేదు. కారు ఉన్నవాళ్ళు ఎవరైనా మల్లేశ్వరం నుంచి ఆవిడను తీసుకొచ్చి, మెట్ల దగ్గర చెయ్యందిస్తే మేలు. ఆవిడ తన పాత భూతద్దం కూడా తెస్తానంది.